అయస్కాంతానికి అంటుకున్న స్టీలు

మా ఇంట్లో ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతం బొమ్మలు అంటించనివ్వను. ఆ మధ్య మా వదిన మామిడిపండు బొమ్మ ఒకటి తెచ్చి కరెంటు బిల్లు దాని కింద పెడితే, బిల్లు తీసి ఆమె చేతికిచ్చి బొమ్మను బయట పారేశాను. "దయ్యం గిట్ల పట్టిందా నీకు?" అంది వదిన. పట్టిందనే అనుకోవాలి. ఆ దయ్యం చేవెళ్లలో ఒక సేటు చొక్కా జేబులో, దారానికి కట్టి ఉండేది.

సేటుది ఇనుప సామాన్ల దుకాణం. దుకాణం వెనక రేకుల షెడ్డులో చిన్న కార్ఖానా కూడా నడిపేవాడు. అక్కడ కూరగాయల కత్తులు, పూలతోటల్లో కొమ్మలు కోసే కట్టర్లు తయారయ్యేవి. మొయినాబాద్ చుట్టుపక్కల పాలీహౌజుల్లో గులాబీలు కోసే ఆడవాళ్ల చేతుల్లో చాలావరకు ఆ కట్టర్లే కనిపించేవి. వాటి బ్లేడ్లను భట్టిలో కాల్చి గట్టిపరిచే పని మా అన్నది. ఆ కట్టర్లతో పూలు కోసే ఆడవాళ్లలో మా వదిన ఒకతె. నేనేమో కెమిస్ట్రీ చదివి, చందనవెల్లిలో ఒక ఫ్యాక్టరీ ల్యాబులో స్టీలును పరీక్ష చేసే ఉద్యోగంలో ఉన్నాను. కాల్చేవాడు, కోసేది, పరీక్ష చేసేది, ముగ్గురం ఒకే ఇంట్లో ఒకే కుండలో అన్నం తినేవాళ్లం. ఇంత చక్కటి ఏర్పాటు ఉండి కూడా మా అన్న పరువు కాపాడుకోలేకపోయాం.

అన్న పని నాకు చిన్నప్పటి నుంచీ చూడటం ఇష్టం. బ్లేడ్లు భట్టిలో ఎర్రబడి, ఆ ఎరుపు ఒక రకమైన నారింజ రంగుకు తిరిగేదాకా ఆగేవాడు. తర్వాత పట్టకారుతో తీసి నూనెలో ముంచేవాడు. గుప్పున పొగ లేచేది. చల్లారాక ప్రతి బ్లేడు మీదా ఆకురాయి పెట్టి ఒక్కసారి లాగేవాడు. బ్లేడు గట్టిపడి ఉంటే ఆకురాయి గాజు మీద లాగినట్టు జారిపోయేది. మెత్తగా ఉంటే కరకరమని కొరికేది. జారితే డబ్బాలో, కొరికితే మళ్లీ భట్టిలో. కొరికినవి ఎప్పుడో ఒకటీ అరా వచ్చేవి. ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినేవాడు కాదు, అంత పట్టింపు మనిషి.

స్టీలు షీట్లు మాత్రం సేటే స్వయంగా పట్నం పోయి కొనేవాడు. ఇంకెవరినీ నమ్మేవాడు కాదు. జేబులోంచి అయస్కాంతం తీసి షీటు మీదికి వదిలేవాడు. అంటుకుంటే కత్తుల స్టీలు, అంటుకోకపోతే గిన్నెల స్టీలు. వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్న విద్య అది. దాని గురించి ఎంత గొప్పలు పోయేవాడంటే, దుకాణానికి వచ్చిన గిరాకీల గాజులకూ బెల్టు బకిల్సుకూ కూడా అంటించి చూపించేవాడు. కార్ఖానాలో అందరికీ అదే నమ్మకం కుదిరింది. అంటుకున్నదల్లా భట్టిలో గట్టిపడి తీరాల్సిందే.

ఒకసారి వచ్చిన షీట్లు గట్టిపడలేదు.

చూడటానికి బాగున్నాయి. ఇంకా చెప్పాలంటే పాతవాటికంటే మెరుపు ఎక్కువ. అయస్కాంతానికి చక్కగా అంటుకున్నాయి. అన్న ఎప్పటిలాగే కాల్చాడు, ముంచాడు, ఆకురాయి పెట్టాడు. కొరికింది. ఇంకో బ్లేడు తీశాడు. అదీ కొరికింది. మొత్తం మాల్ మళ్లీ భట్టిలో పెట్టి ఇంకాస్త ఎక్కువసేపు ఉంచాడు. అయినా కొరికింది. సేటుకు చెప్తే, "భట్టి మంచిగ ఎక్కుతలేదేమో సూడు. ఆర్డర్ టైముకు పోవాలె" అన్నాడు. మూడోసారి కూడా కాల్చిన తర్వాత సేటు ఆ బ్లేడ్లనే కట్టర్లకు బిగించి తోటలకు పంపేశాడు.

గులాబీ కొమ్మను కోసే కట్టర్ మెత్తగా ఉంటే ఏమవుతుందో బయటివాళ్లకు తెలియదు. మొదటి రోజు బాగానే తెగుతుంది. తర్వాత అంచు మడత పడి, కొమ్మను కోయడం మానేసి నలుపుతుంది. నలిగిన చివర నీళ్లు పీల్చదు. బకెట్లో పెట్టిన పువ్వు తల వాల్చేస్తుంది. కోసే మనిషి ఒకసారి నొక్కాల్సిన చోట గట్టిగా బిగబట్టి నొక్కాలి. అట్లా పొద్దంతా. మా వదిన మణికట్టు వాచింది. బట్టలుతికితే పట్టేసిందని అన్నకు చెప్పి, చీర కొంగు కింద గుడ్డ చుట్టుకుని తిరిగింది. నాకు మాత్రం వంటింట్లో చూపించింది. "మీ అన్నకు చెప్పకు. కొత్త కట్టర్లు ఆయన చేసినయే గద, పరేషాన్ అయితడు" అంది.

తోటలవాళ్లు కట్టర్లను గోనెసంచుల్లో వేసి తెచ్చి సేటు దుకాణం ముందు కుమ్మరించిపోయారు. ఆ సాయంత్రం సేటు పనివాళ్లందరి ముందూ మా అన్నను నిలబెట్టి మాట్లాడాడు.

"శనివారం మాల్ గిట్లనే అయితది. నీ మనసు ఆదివారం చర్చి మీదుంటది, భట్టి మీదుండదు. సగం కాల్చి ముంచినవ్."

"లేదు సేటు. మూడుసార్లు కాల్చిన. మీకు చెప్పిన గద."

"మూడుసార్లు కాల్చినా గట్టిపడలేదంటే తప్పు ఎవరిది? నా షీటుదా? నేను అంటించి సూసి తెచ్చిన."

అంతే. మరుసటి వారం నుంచి రానక్కరలేదన్నాడు. మా అన్న ఇంటికి వచ్చి ఈ మాటలన్నీ ఉన్నదున్నట్టు చెప్పి, చేతులు కడుక్కుని కూర్చున్నాడు. నేను చెప్పులు వేసుకుని అప్పుడే చేవెళ్ల బయల్దేరబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "కొట్లాడితే ఏమొస్తది చెల్లె? ఎందుకు గట్టిపడలేదో చెప్పు. నాకు గది గావాలె" అన్నాడు.

నాకు అప్పటికే అనుమానం ఉంది. తుప్పు పట్టని స్టీళ్లలో అయస్కాంతానికి అంటుకునేవి ముఖ్యంగా రెండు కుటుంబాలు. ఒకటి మార్టెన్‌సైటిక్. అందులో క్రోమియం పదమూడు శాతం చుట్టూ ఉంటుంది, కార్బన్ కూడా చెప్పుకోదగినంత ఉంటుంది. ఎర్రగా కాలినప్పుడు దాని లోపలి అమరిక మారుతుంది. ఒక్కసారిగా నూనెలో ముంచితే వెనక్కి తిరిగే వ్యవధి లేక బిగుసుకుపోతుంది. కత్తికి పదును నిలిచేది ఆ బిగువు వల్లే. రెండోది ఫెర్రిటిక్. క్రోమియం పదహారు, పదిహేడు దాకా పోతుంది, కార్బన్ నామమాత్రం. గ్యాస్ పొయ్యి పైపలకలు, వాషింగ్ మెషిన్ డ్రమ్ములు చేసేది దాంతో. దాన్ని ఎంత కాల్చినా అమరిక దాదాపు మారదు. మారనిదాన్ని నూనెలో ముంచినా నీళ్లలో ముంచినా బిగుసుకునేదేమీ ఉండదు. పైగా ఎక్కువసేపు కాల్చేకొద్దీ లోపలి రేణువులు ఉబ్బి ఇంకా పాడవుతుంది. మా అన్న మూడుసార్లు కాల్చి చేసింది అదే. పాపం, శ్రద్ధ పెట్టి మరీ పాడుచేశాడు.

ఈలోగా సేటు తన తరఫున సాక్ష్యం తెచ్చుకున్నాడు. పాత సామాను కొనే స్నేహితుడొకడి దగ్గర పిస్తోలు ఆకారంలో ఒక యంత్రం ఉంది. లోహం మీద పెట్టి మీట నొక్కితే అందులో ఏమేం ఉన్నాయో తెర మీద చూపిస్తుంది. దాన్ని ఆ షీటు మీద పెట్టించాడు. క్రోమియం పదహారు దాటింది. "మనకు పదమూడు చాలు, వాడు పదహారు ఇచ్చిండు. ఎక్కువే ఇచ్చిండు" అని ఊరంతా చెప్పుకున్నాడు. ఆ మాట మా చర్చి దాకా వచ్చింది, ఎందుకంటే పూలు కోసే ఆడవాళ్లలో సగం మంది మా సంఘంవాళ్లే. వాళ్ల మణికట్లు కూడా వాచాయి. వాళ్లకు ఎవరో ఒకరి మీద కోపం కావాలి, సేటు మా అన్నను చూపించాడు.

ఆ పిస్తోలుకు కార్బన్ కనిపించదు. కార్బన్ మరీ తేలిక, దాని ఆనవాలు ఆ యంత్రానికి అందదు. క్రోమియం ఎక్కువగా ఉన్నంత మాత్రాన ఫెర్రిటిక్ అని కూడా తేల్చలేం. అంతే క్రోమియంతో, కార్బన్ బాగా ఉన్న ఖరీదైన కత్తుల స్టీలు కూడా ఉంది, అది రాయిలా గట్టిపడుతుంది. రెండూ చూస్తేనే స్టీలు ఏ కుటుంబానిదో తెలిసేది. మా ల్యాబులో యంత్రం వేరే రకం. లోహం మీద నిప్పురవ్వ కొట్టి, ఆ వెలుగులోంచి కార్బన్‌తో సహా అన్నీ లెక్క చెబుతుంది. మా ఇంచార్జిని అడిగితే, భోజనం వేళలో చేసుకో అన్నాడు.

అన్న కొత్త షీటు ముక్క ఒకటి, పాత మంచి షీటు ముక్క ఒకటి ఇచ్చాడు, రెండూ తను భట్టిలో కాల్చి నూనెలో ముంచినవే. రెండూ సాన పట్టి యంత్రం మీద పెట్టాను. పాతదానిలో క్రోమియం పదమూడు, కార్బన్ సున్నా పాయింట్ మూడు. కొత్తదానిలో క్రోమియం పదహారున్నర, కార్బన్ సున్నా పాయింట్ సున్నా నాలుగు. ఇంకోచోట కొట్టాను, మళ్లీ అదే. ఇద్దరు కొలీగ్స్ అన్నం తింటుండగా నేను ఆ తెర ముందు నిలబడి ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ రెండు ముక్కలూ తీసుకుని చేవెళ్ల పోయాను. ఒక్కోదాని మీద నిప్పురవ్వ కొట్టిన బూడిదరంగు మచ్చ ఉంది. సేటు కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. మర్యాదలో లోటు లేదు. ముక్కలను చేతికివ్వగానే, వేరే ఏం చేస్తాడు, జేబులోంచి అయస్కాంతం తీశాడు.

"రెండు గూడ అంటుకుంటున్నయ్ గద బిడ్డా."

"అంటుకుంటయ్ సేటు. రెండు రకాలు గూడ అంటుకుంటయ్. నేను చెప్పేది గదే."

"క్రోమియం ఎక్కువున్నదని మిషిన్ల సూసినం. ఎక్కువుంటే మంచిదే గద?"

"కూరల ఉప్పెక్కువైతే మంచిగైతదా సేటు? దీంట్ల కార్బన్ లేదు. మా అన్న కాదు, ఆయన తాత వచ్చి కాల్చినా గట్టిపడదు."

సేటు నవ్వలేదు. తెలివైనవాడు, అది ఒప్పుకోవాలి. రెండు ముక్కలనూ చాలాసేపు తిప్పి చూశాడు. అన్న చేసే ఆకురాయి పరీక్ష కూడా తన చేత్తో చేసుకున్నాడు. పాతది జారింది, కొత్తది కొరికింది. తర్వాత మెల్లగా, "అయితే ఎసొంటి షీటు తేవాలె?" అని అడిగాడు. నేను విడమరిచి చెప్పాను. క్రోమియం ఎంత ఉండాలో, కార్బన్ ఎంత ఉండాలో, కొనేముందు నిప్పురవ్వ పరీక్ష చేయించమని, అది ఎక్కడ చేస్తారో కూడా. నా అంత ఉత్సాహంగా అంతవరకు ఎవరూ ఆ దుకాణంలో మాట్లాడి ఉండరు. లేచేటప్పుడు అడిగాను, "మా అన్నను ఎప్పటిసంది రమ్మంటరు?" అని.

"సూద్దాం బిడ్డా. జర సైసు" అన్నాడు.

సైచాం, ఓపిగ్గా కాచుకున్నాం. సేటు పట్నం పోయి నేను చెప్పిన స్టీలే తెచ్చాడు. భట్టి మీదికి పట్నం నుంచే ఒక కొత్త మనిషిని తెచ్చాడు. కొత్త కట్టర్లు తోటలకు పోయాయి. కొమ్మ మీద పెడితే చాలు, తెగిపోతున్నాయట. తోటలవాళ్లు సేటును మెచ్చుకున్నారు. ఆడవాళ్లు కొత్త మనిషిని మెచ్చుకున్నారు. "మనిషి మారంగనే మాల్ మారింది సూడు" అన్న మాట మొయినాబాద్ బస్టాపులో నా చెవులతో నేనే విన్నాను. కొత్త మనిషి మీద నాకు కోపం లేదు, అతను తన పని తను చేశాడు. కానీ మా అన్న నిర్దోషి అని తేల్చిన ఆ రెండు అంకెలే మా అన్నను దోషిని చేశాయి. స్టీలు బాగుపడింది, బాగుపడిన స్టీలు కొత్త చేతికి పేరు తెచ్చింది, పాత చేతికి మచ్చ మిగిల్చింది. ఇంతటి అన్యాయం ఇంత నిశ్శబ్దంగా జరగొచ్చని నాకు అంతవరకు తెలియదు.

మళ్లీ సేటు దగ్గరికి పోయాను. ఈసారి చాయ్ తాగలేదు. ఆయన కూడా దాచుకోలేదు.

"నువ్వు చెప్పింది నిజమే బిడ్డా. షీటు తప్పే. గని ఇప్పుడు ఆయనను పిలిస్తే తప్పు నాదని అందరికి ఎర్కయితది గద. తోటలోళ్లకు మనిషిని తీసేసిన అని చెప్పుకున్న. నా ఇజ్జత్ ఏం గావాలె?"

"మా అన్న ఇజ్జత్ ఏం గావాలె సేటు?"

"ఆయనది ఏమున్నది, ఎక్కడన్న పని దొర్కుతది" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఇత్తడి తాళం బేరమాడుతున్న గిరాకీ వైపు తిరిగాడు.

పని దొరికింది. మోకిలలో కొత్తగా లేచిన విల్లాల గేటు దగ్గర సెక్యూరిటీ. నీలంరంగు చొక్కా, ఈల. వచ్చే కార్ల నంబర్లు చూసి గేటు ఎత్తడం. అన్న ఆ చొక్కాను ఇంట్లోకి వేసుకుని రాడు. బయటే విప్పి సంచిలో పెట్టుకుని లోపలికి వస్తాడు.

ఆ ఏడాది చర్చిలో కోత పండుగ వచ్చింది. మాలో ఎవరి కష్టంలో మొదట వచ్చింది వాళ్లు తెచ్చి దేవుని ముందు పెట్టడం ఆనవాయితీ. ప్రార్థన అయ్యాక వాటిని సంఘంలోనే వేలం వేస్తారు. టమాటాలు, క్యారెట్లు, గుమ్మడికాయలు, కోడిపుంజు, బకెట్లో గులాబీలు. మా అన్న ఏటా తన చేత్తో కాల్చిన మొదటి కత్తి పెట్టేవాడు. ఆడవాళ్లు పోటీలు పడి పాడుకునేవారు. ఒక సంవత్సరం ఇద్దరు తోటికోడళ్లు ఆ కత్తి కోసం మాటామాటా అనుకుని, పండుగ భోజనంలో వేర్వేరు వరుసల్లో కూర్చున్నారు కూడా. ఈ ఏడు పెట్టొద్దని నేను చెప్పాను. వినలేదు. పాత రోజుల్లో చేసి దాచుకున్న కత్తి ఒకటి తుడిచి తెచ్చి, గుమ్మడికాయ పక్కన పెట్టాడు.

వేలం వేసే సంఘపెద్ద దాన్ని పైకెత్తి, "హర్రాజు, హర్రాజు" అన్నాడు. ఎవరూ పలకలేదు. వెనక వరుసలోంచి ఒకామె, "పాతోని చేతిదా, కొత్తోని చేతిదా?" అంది. "పాతోనిదే అయితే పెరుగు కోసుకోనీకి పనికొస్తది" అని ఇంకొకామె అంది. నవ్వులు. పిల్లలు కూడా నవ్వారు. వదిన తల దించుకుని చాప పోగులు లాగుతోంది.

నేను లేచి నిలబడ్డాను. మైకు లేకుండానే మాట్లాడాను. షీటు తప్పని చెప్పాను. కార్బన్ గురించి చెప్పాను, క్రోమియం గురించి చెప్పాను, నేనే పరీక్ష చేశానని చెప్పాను, సేటు తన నోటితో ఒప్పుకున్నాడని చెప్పాను. అందరూ విన్నారు. ఎవరూ అడ్డు రాలేదు. అయిపోయాక ముందు వరుసలో ఒక అవ్వ, మా అమ్మతో కలిసి నాట్లు వేసిన మనిషి, చెయ్యి చాచి నన్ను కూర్చోబెట్టింది. "కూసో బిడ్డా. చెల్లెవు గద, నీ కడుపు మండుతది. చెల్లె గట్ల అనకపోతే ఇంకెవరంటరు?" అంది. ఎంతో ప్రేమగా అంది. తిట్టినా బాగుండేది. తిడితే ఎదురు మాట్లాడేదాన్ని.

చివరికి ఆ కత్తిని మా చర్చి పాస్టరు అయ్యగారే పాడుకున్నారు. మొన్న వాళ్లింటికి పోతే అమ్మగారు దాంతోనే బీరకాయ తరుగుతున్నారు. సాన పట్టించారా అని అడిగాను. ఇప్పటిదాకా అవసరం పడలేదమ్మా అన్నారు. ఆమె ఆ మాట చర్చిలో చెబితే బాగుండు అనుకున్నాను. అడగబుద్ధి కాలేదు.

ఇదంతా జరిగాక ఒకరోజు సాయంత్రం వదిన తోట నుంచి వచ్చి, కొత్త కట్టర్ అరుగు మీద పెట్టి కాళ్లు కడుక్కుంటోంది. అన్న డ్యూటీ దిగి అప్పుడే వచ్చాడు. ఆమె మామూలుగా, ఏ ఉద్దేశమూ లేకుండా, "ఈ నెల చెయ్యి అస్సలు నొయ్యలేదు" అంది. అనేశాక గానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదు. చెంబు అక్కడే పెట్టి లోపలికి పోయింది.

అన్న కట్టర్ తీసుకున్నాడు. గూట్లోంచి తన ఆకురాయి తీశాడు. కార్ఖానా నుంచి తెచ్చుకున్న పనిముట్టు అదొక్కటే. బ్లేడు మీద పెట్టి ఒక్కసారి లాగాడు. జారిపోయింది. ఇంకోసారి లాగాడు. జారింది. ఆ చప్పుడు ఎంత బాగుంటుందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

"మంచిగ చేసిండు" అన్నాడు. కట్టర్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "నేను గూడ ఇంక జరసేపు భట్టిల ఉంచితే గిట్లనే గట్టిపడునేమో చెల్లె. నేనే ఎక్కడ్నో గడ్‌బడ్ చేసిన."

నాకు ఒళ్లు మండిపోయింది. లోపలికి పోయి ఆ రెండు ముక్కలూ తెచ్చి అన్న ముందు పెట్టాను. మచ్చలు చూపించాను. ఎంతసేపు ఉంచినా గట్టిపడేది కాదని, ఎక్కువసేపు ఉంచితే ఇంకా పాడయ్యేదని, నీ చేతిలో తప్పు లేదని, అంకెలతో సహా మొదటి నుంచి మళ్లీ చెప్పాను. అన్న చివరిదాకా ఓపిగ్గా విన్నాడు. తర్వాత ఆకురాయిని గుడ్డలో చుట్టి గూట్లో పెట్టి, నా తల మీద చెయ్యి వేశాడు.

"నువ్వు నా చెల్లెవు" అన్నాడు. "గట్లనే అంటవు."